మా ఆయన చూపించిన చోటు

"ఆంటీ, అంకుల్ పెదవులు కదుల్తున్నాయి కానీ నాకేం వినపడట్లేదు."

దసరా వెళ్లిన రెండో రోజు పొద్దున పదకొండు గంటలకు ల్యాప్‌టాప్‌లోంచి ఆ అమ్మాయి ఈ మాట అంది. ఆమె మా ఆయనకు మాట నేర్పే థెరపిస్టు. బోనాలు అయిపోయిన వారానికి మా ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట కూడా పోయింది. మనం చెప్పింది అర్థమవుతుంది. చెప్పాలనుకున్నది మాత్రం నోటికి రాదు. ఆస్పత్రిలో పెద్ద డాక్టరు దాచకుండా చెప్పాడు, మాట వచ్చేది ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే, ఆ తర్వాత కష్టం, రోజులు పోగొట్టుకోకండి అని. ఆ ఆరు నెలల్లో దసరా నాటికే దగ్గర దగ్గర మూడు నెలలు అయిపోయాయి.

చిలకలగూడలో మేముండేది రెండో అంతస్తు. లిఫ్టు లేదు. క్లినిక్ ఏమో ఏ.ఎస్. రావు నగర్‌లో. మొదట్లో ఒకసారి ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరు మనుషులతో మెట్లు దింపించి, ఆటోలో తీసుకుపోయాను. తిరిగొచ్చేసరికి బీపీ పెరిగి కళ్లు తేలేశాడు. ఇప్పట్లో మళ్లీ కదిలించొద్దన్నాడు డాక్టరు. అప్పటి నుంచి వారానికి నాలుగు రోజులు ల్యాప్‌టాప్‌లోనే పాఠం. ఫోన్‌లో చేయొచ్చు కదా అని ప్రతివాళ్లూ సలహా ఇస్తారు. ఆయనకు కుడివైపు చూపు కూడా సగం పోయింది. ఆ అమ్మాయి పెదవులు పెద్దగా కనపడితేనే ఆయన నోరు వాటి వెంట పోతుంది. ఫోన్‌లో చూపిస్తే గోడను చూసినట్టు చూస్తాడు.

దసరాకు ముందు రెండు మాటలు వచ్చాయి. "నీళ్లు" అని ఒకటి, "రా" అని ఒకటి. "నీళ్లు" అన్న రోజు నేను వంటింట్లోకి పోయి ముక్కు చీదుకుని వచ్చాను.

ల్యాప్‌టాప్ మా మరిది ఇచ్చింది. రైల్వే ఆఫీసులో కంప్యూటర్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు, మారేడ్‌పల్లిలో ఉంటాడు. అరవై రెండేళ్ల మనిషికి లైనక్స్ అంటే భక్తి. కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేరే లైనక్స్. దేశదేశాల్లో ఎవరెవరో కలిసి రాస్తారట, ఎవరైనా వాడుకోవచ్చట. ఎవరింట్లో పాత మిషన్ కనపడినా పారేయనివ్వడు. దాంట్లో లైనక్స్ వేసి బతికించానంటాడు. మాకు ఇచ్చిందీ అట్లా బతికించినదే.

నాకు అక్షరాలు నలభై ఎనిమిదో ఏట వచ్చాయి. అప్పటిదాకా కుట్టుమిషన్ మీద బతికాను. ఎవరి జాకెట్టు ఏదో రంగు దారం ముడులతో గుర్తు పెట్టుకునేదాన్ని. తర్వాత ఒక బడిలో పెద్దవాళ్లకు సాయంత్రం క్లాసు పెడితే పోయి తెలుగు నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు ఇంకా ఆలస్యం. వాటిని గుర్తుపడతాను, అర్థం ఇంకొకరు చెప్పాలి. ఇంత ఆలస్యంగా వచ్చిన చదువు కాబట్టి దాని మీద నాకు నమ్మకం జాస్తి. రాసి ఉంటే నిజమే అనుకుంటాను. ఈ కథలో నా తప్పుకు వేరు అక్కడే ఉంది. దాన్ని చివరిదాకా దాచిపెట్టి చదివేవాళ్లను ఊరించడం నాకు చేతకాదు.

ఆ రోజు పాఠం ఆపేసి మరిదికి ఫోన్ చేశాను.

"పరేషాన్ గాకు వదినా. ఆజ్ఞలు కొట్టే నల్ల కిటికీ తెరువు. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు."

"కొడుత గని, జెర మెల్లగ చెప్పు. రైలు లెక్క ఉరుకుతున్నవ్."

"ఏ. ఆర్. ఈ."

"ఆగు. ఏ కొట్టిన. ఆర్ కొట్టిన. ఈ అంటే దువ్వెన లెక్క ఉండేదేనా?"

"అదే. కని చిన్నది కొట్టాలె, పెద్దది గాదు. లైనక్స్‌ల చిన్నక్షరం వేరు, పెద్దక్షరం వేరు."

"మీట మీద పెద్దదే ఉన్నది గదయ్యా!"

"మీట మీద పెద్దదే ఉంటది వదినా. ఒత్తితే చిన్నదే పడ్తది."

"గట్లెందుకు? ఉన్నది ఉన్నట్టు రాయనీకి ఏం రోగం?"

అట్లా ఒక్క వరుస కొట్టడానికి పది నిమిషాలు పట్టింది. మిషన్‌లో మైకు ఉందా లేదా అని అడిగే ఆజ్ఞ అది. జవాబుగా మూడు వరుసలు వచ్చాయి. నేను వాటిని రూళ్ల పుస్తకంలోకి ఎక్కించుకుని, ఒక్కొక్క అక్షరం ఫోన్‌లో చదివి వినిపించాను. మైకు ఉందనే రాసింది. గొంతు పట్టుకునే బలం నూటికి నూరు ఉందని ఇంకో ఆజ్ఞకు జవాబు వచ్చింది. ఐదు సెకన్లు రికార్డు చేసి వింటే, మూత పెట్టిన గిన్నెలో ఎవరో మూలిగినట్టు వచ్చింది. ఆ మూలుగును వీడియో కాల్ పనికిరాని చప్పుడనుకుని తీసేస్తుందట. అందుకే ఆ అమ్మాయికి అసలేమీ వినపడలేదు.

"మైకు మంచిగనే ఉన్నది, సాఫ్ట్‌వేర్ల తక్లీఫ్ ఉన్నది" అన్నాడు మరిది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. దసరా నాడు మా ఇంట్లో భోజనం చేసి, చెయ్యి తుడుచుకుని, "వదినా, అప్‌డేట్ వచ్చింది, ఒత్తుతున్న" అని ఏదో ఒత్తాడు. లోపలి సాఫ్ట్‌వేర్ అంతా కొత్తగా మారింది. అంతకు ముందు రోజు దాకా బాగా నడిచింది.

"నువ్వే ఒత్తినవ్. బువ్వ పెడితే తిని, మా ఆయన నోరు మూసి పోయినవ్."

"రేపు వస్త వదినా" అని పెట్టేశాడు. నా నోరు అంతే. సారీ చెప్పడం ఇప్పటికీ సరిగా రాదు.

మర్నాడు సంచి వేసుకుని వచ్చాడు. కెర్నల్ అని ఒకటుందట. లైనక్స్‌కు గుండెకాయ అదే. మైకు, కెమెరా, మీటలు అన్నిటితో మాట్లాడేది అదే. అప్‌డేట్‌తో కొత్త కెర్నల్ వచ్చింది, పాతది కూడా పక్కన ఉంది, దాంతో మిషన్‌ను లేపి చూద్దాం అన్నాడు. లేపాడు. అదే మూలుగు. ఇప్పుడు ఆలోచిస్తే, అప్‌డేట్‌ది తప్పు కాదని ఆ పూటే తేలిపోవాల్సింది. పాతదానితో కూడా నడవలేదంటే రోగం ఇంకెక్కడో ఉన్నట్టే కదా. మేమిద్దరం ఆ ఆలోచనే చేయలేదు. మరిది లైనక్స్‌ను కాపాడుకోవాలని చూశాడు, నేను మరిది మీద నెపం కాపాడుకోవాలని చూశాను.

తర్వాత కంప్యూటర్ వాళ్లు ప్రశ్నలూ జవాబులూ రాసుకునే చోట వెతికాడు. ఇట్లాంటి ల్యాప్‌టాప్‌లోనే మైకు పనిచేయడం లేదని ఎవరో మొత్తుకుంటే, ఫలానా ఫైల్‌లో ఫలానా వరుస చేర్చమని ఇంకెవరో రాశారు. చేర్చాడు. ఆపి లేపాడు. స్పీకర్ కూడా పోయింది. ఆ వరుస తీసేస్తే స్పీకర్ వచ్చింది. ఇట్లా రోజుకొక వరుస. నేను ప్రతిదీ పుస్తకంలో రాసుకున్నాను. పుస్తకం నిండుతుంటే పని జరుగుతున్నట్టే అనిపించేది.

ఈలోగా పాఠం ఎట్లా అంటే, బొమ్మ ల్యాప్‌టాప్‌లో పెట్టి, మాట ఫోన్‌లో విందామని ఆ అమ్మాయే ఉపాయం చెప్పింది. రెండు రోజులు చేశాం. తెర మీద పెదవులు ఒక మాట అంటుంటే ఫోన్‌లో అంతకు ముందు మాట వినపడేది. మా ఆయన పెదవులనూ ఫోన్‌నూ మార్చి మార్చి చూశాడు. రెండో రోజు ఎడమ చేత్తో ఫోన్‌ను తోసేశాడు. "ఇలా వద్దు ఆంటీ, అంకుల్ ఇంకా కన్‌ఫ్యూజ్ అవుతున్నారు" అని ఆమే మాన్పించింది. మీరే ఇంట్లో చేయించండి అంది. నేను ఎదురుగా కూర్చుని "నీళ్లు, నీళ్లు" అంటే ఆయనకు కోపం వచ్చేది. నేను చెప్పే తీరు అదిలించినట్టే ఉంటుందని నాకూ తెలుసు.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం దాహమై నా కొంగు లాగాడు. "అను" అన్నాను. నోరు తెరిచాడు. "న..." అని ఆగాడు. ఇంకోసారి తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. చెంబు వైపు వేలు చూపించాడు. వచ్చిన మాట మళ్లీ పోయింది. చెంబు ఇచ్చి, నేరుగా ఫోన్ దగ్గరికి పోయి మరిదిని తిట్టాను. ఏమన్నానో ఇక్కడ రాయను.

ఇక మా ఆయన గురించి చెప్పాలి. ఆయన ముప్పై ఏళ్లకు పైగా మైక్‌సెట్ దుకాణం నడిపాడు. పెళ్లిళ్లకు, గణపతి మండపాలకు, బోనాలకు మైకులు, హారన్లు అద్దెకిచ్చేవాడు. మైకు పలకకపోతే గోటితో రెండుసార్లు కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, వైరు తెగిందో ధూళి చేరిందో చెప్పేవాడు. ఆ మనిషి మాకు మూడడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మైకు రోగం ఏమిటని మేము లోకమంతా అడిగాం గానీ ఆయనను అడగలేదు. అడిగితే మాత్రం ఏం చెప్తాడు అనుకున్నాం.

ఆయన చెప్తూనే ఉన్నాడు. మరిది ల్యాప్‌టాప్ తెరిచినప్పుడల్లా ఎడమ చెయ్యి దాని వైపు చాపేవాడు. "అన్నా, ముట్టకు, ఇప్పుడే లేస్తున్నది" అనేవాడు మరిది. చెయ్యి వెనక్కి తీసుకుని నుదుటి మీద వేలు పెట్టుకునేవాడు. రెండుసార్లు, మూడుసార్లు.

"తలనొస్తున్నదా?" అనడిగాను.

తల అడ్డంగా ఊపాడు. నేను నమ్మలేదు. ఔననడానికీ కాదనడానికీ అప్పట్లో తడబడేవాడు, డాక్టరే చెప్పాడు. అందుకని మాత్ర వేశాను. ఒకనాడు మాత్ర ఉమ్మేశాడు. గదవ పట్టుకుని మళ్లీ వేశాను.

నాలుగో వారం మరిది మైకున్న హెడ్‌ఫోన్ తెచ్చాడు. దాన్ని లైనక్స్ గుర్తుపట్టడానికి ఇంకో రెండు రోజులు, ఇంకో నాలుగు వరుసలు. చివరికి పట్టింది.

"సూసినవా వదినా? నా లైనక్స్‌ను మస్తు తిట్టినవ్ గదా."

"మాట్లాడినంక చూద్దాం. ముందుగాల మీ అన్నకు పెట్టు."

పెట్టాడు. మా ఆయన లాగి కింద పడేశాడు. మళ్లీ పెడితే మళ్లీ పడేశాడు. జీవితమంతా చెవులకు ఇట్లాంటివే తగిలించుకుని తిరిగిన మనిషి. చెవి నొప్పా, మా మీద కోపమా, లేక రోగం అక్కడ లేదని చెప్పడమా, నాకు ఇవాళ్టికీ తెలియదు. మరిది దాన్ని ఏరుకుని, తీగ చుట్టుకుంటూ, "అన్నకు నయం గావాలని లేనట్టుంది" అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది.

"నోరు లేనోని మీద పడ్తవా? నీ మిషన్ కరాబైందని ఒప్పుకోరాదు?"

"కరాబైతే గిట్ల నాలుగు వారాలు తిరుగుతనా వదినా? నా మోకాళ్లు సూడు. రెండంతస్తులు."

"ఎవలు ఎక్కమన్నరు? కొత్తది కొనేదాన్ని."

"కొను మరి! అది సుత నాలుగు రోజులకు..."

మేము అట్లా ఒకరి ముఖంలోకి ఒకరం అరుచుకుంటుంటే గీకిన చప్పుడు వినపడింది. తిరిగి చూస్తే, మా ఆయన కుర్చీలోంచి ముందుకు వంగి, నా సూదుల దిండులోంచి గుండుసూది తీసుకుని, ల్యాప్‌టాప్ పై అంచును గీకుతున్నాడు. ఎడమ చెయ్యికి అలవాటు లేని పని. సూది తెర మీదికి జారుతోంది. తెర పగిలితే ఇక ఆ అమ్మాయి ముఖం కూడా ఉండదు. నాకు అదొక్కటే తోచింది. పోయి చేతి మీద కొట్టాను. గట్టిగానే కొట్టాను. సూది ఎటో పడింది.

ఆయన చెయ్యి ఒళ్లో పెట్టుకుని నన్ను చూశాడు. అంతకు ముందు నలభై రెండేళ్ల కాపురంలో నేను ఆయనను తిట్టాను గానీ కొట్టలేదు.

మరిది ముందుగా చూశాడు. మీటల మీద పసుపుపచ్చటి పొడి, రవ్వంత ఎర్రటి పెచ్చు రాలి ఉన్నాయి.

"వదినా, గిదేంది?"

దసరా నాడు ఆయుధపూజ. నేను ఏటా కుట్టుమిషన్‌కు, కత్తెరకు, ఇస్త్రీపెట్టెకు గంధం కుంకుమ పెడతాను. ఈ ఏడు ల్యాప్‌టాప్‌కు కూడా పెట్టాను. మా ఆయనకు మాట నేర్పుతున్న పనిముట్టు కదా, అన్నిటికంటే ముందు దానికే పెట్టాను. తెర పైన నడుమ కెమెరా కన్ను ఉంది. కన్ను మూయకూడదని దానికి రెండు పక్కలా చిక్కటి గంధం పూసి, మీద కుంకుమ బొట్లు పెట్టాను. అక్కడ సూదిమొన అంత బెజ్జాలు రెండున్నాయని, మైకులు వాటి వెనకాలే ఉంటాయని నాకు తెలియదు. పూజ బొట్టు తుడవకూడదు, అదే రాలిపోవాలి అని మా పద్ధతి. అది ఎండి, రాయిలా పట్టుకుంది.

మరిది నాలుగు వారాలు ఆ బొట్లకు ఎదురుగా కూర్చున్నాడు. అతనికీ కనపడలేదు. మా ఇళ్లలో ఫ్రిజ్‌కు బొట్టు, మిక్సీకి బొట్టు, స్కూటర్‌కు బొట్టు. ఎవరం చూస్తాం? మైకుల మనిషి ఒక్కడే చూశాడు. నుదుటి మీద వేలు పెట్టి చెప్పాడు. నేను మాత్ర వేశాను.

పొడి పళ్లబ్రష్‌తో మరిది మెల్లగా గీకి శుభ్రం చేశాడు. ఐదు సెకన్లు రికార్డు చేశాడు. గొంతు సాఫుగా వచ్చింది. నవ్వుదామనుకున్నాడేమో, అన్న ముఖం చూసి మానుకున్నాడు.

"నేను సుత సూడలే వదినా. నీదొక్కదానిదే గాదు."

"నాదే. నువ్వు కొట్టలే గదా" అన్నాను.

మర్నాటి నుంచి పాఠం మొదలైంది. మొదటి రోజు ఆయన నోరు తెరవలేదు. "అంకుల్, నా మీద అలిగారా?" అనడిగింది ఆ అమ్మాయి. ఆయన నా వైపు చూడకుండా కిటికీ వైపు చూశాడు. జరిగిందంతా నేనే చెప్పాను, కొట్టడం కూడా చెప్పాను.

"ఈ నాలుగు వారాలు తిరిగొస్తాయా అమ్మా? ఉన్నది ఉన్నట్టు చెప్పు" అనడిగాను.

"చెప్పలేను ఆంటీ. కొందరికి పోయిన మాట త్వరగా వస్తుంది, కొందరికి రాదు. ఇంకో విషయం. ఆయనకి ఇంతకుముందు అవునూ కాదూ తడబడేవి. ఇప్పుడు తల ఊపితే చాలా వరకు సరిగ్గానే ఊపుతున్నారు. మీరు నమ్మండి."

వచ్చే నెలతో ఆరు నెలలు నిండుతాయి. "నీళ్లు" ఇంకా రాలేదు. "రా" ఉంది. కొత్తగా "కాదు" వచ్చింది, స్పష్టంగా వచ్చింది. దాన్ని రోజంతా నా మీదే వాడుతున్నాడు. అన్నం కలిపితే కాదు, చొక్కా తీస్తే కాదు. మరిదికి ఇది తమాషాగా ఉంది. "వదినా, ముప్పై నలభై ఏండ్ల బాకీ తీర్చుకుంటున్నడు" అంటాడు. నాకు తమాషాగా లేదు. అందులో ఏది చొక్కాకు, ఏది నాకు, నేను తేల్చుకోలేకపోతున్నాను. తప్పు నాదని ఆయనతో రెండుసార్లు అన్నాను. రెండుసార్లూ వినపడనట్టు ఊరుకున్నాడు.

నిన్న ఆ అమ్మాయి గొడుగు బొమ్మ చూపించింది. "ఇదేంటి అంకుల్?"

"గొ..." అన్నాడు. ఆగాడు. పెదవులు గుండ్రంగా పెట్టుకుని వెతుక్కుంటున్నాడు. మాట అందించకూడదని ఆమె నాకు ఎన్నోసార్లు చెప్పింది. అయినా నా నోరు ఊరుకోదు. ముందుకు వంగి అందించబోయాను.

ఆయన నా వైపు తిరగకుండానే ఎడమ చెయ్యి ఎత్తి, అరచెయ్యి నా ముఖానికి అడ్డం పెట్టాడు.

నోరు మూసుకుని వెనక్కి జరిగి కూర్చున్నాను. తెరలో ఆ అమ్మాయి కూడా కదలకుండా చూస్తోంది. కింద వీధిలో ఉల్లిగడ్డల బండివాడు అరుచుకుంటూ పోయాడు. వాడి అరుపు వెళ్లిపోయేదాకా ఆయన ఆగాడు, మైకులో పక్క చప్పుడు పడకూడదన్నట్టు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

"గొ... గొడు..."

చెయ్యి ఇంకా దించలేదు.